హౌండ్ టోర్ ఊరు ఎందుకు ఖాళీ అయింది? నిజంగా ప్లేగు వల్లేనా?

చలిగాలి
ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్‌లో ఉండే మనవాళ్లకు డార్ట్‌మూర్ అనే బీడు గుట్టల ప్రాంతం తెలిసే ఉంటుంది. మానటన్ అనే ఊరి దగ్గర హౌండ్ టోర్ అని పెద్ద రాళ్ల గుట్ట ఉంది. దాని కింద వాలులో మధ్యయుగంలో జనం వదిలేసి వెళ్లిన చిన్న ఊరు. కప్పులు ఎప్పుడో పోయాయి కానీ మొండి గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. గుమ్మం ఎక్కడ, పొయ్యి ఎక్కడ, పశువుల్ని ఎక్కడ కట్టేవాళ్లు, అన్నీ గుర్తుపట్టొచ్చు.

నా బాధ ఏమిటంటే, ఎవరిని అడిగినా "ప్లేగొచ్చింది, అందరూ పోయారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మొన్న మా తెలుగు కుటుంబాలన్నీ కలిసి వెళ్లినప్పుడు ఒకాయన పిల్లలకు "ఒక్క రాత్రిలో ఊరంతా శవాలే" అని చెప్పాడు. మా చిన్నది భయపడి ఆ గోడల్లోకి అడుగు పెట్టనంది. తవ్వకాల్లో అసలు ఏం దొరికింది? ప్లేగు అని చెప్పడానికి ఆధారం ఏమిటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఉప్పుగాలి
ఆయన చెప్పింది మరీ తప్పేం కాదు కదా. 1348 వేసవిలో ప్లేగు డోర్సెట్ తీరంలో మెల్కమ్ రేవులో దిగింది. అక్కడికి డెవన్ ఎంత దూరం? ఆ చలికాలానికే ఇక్కడికి పాకింది. ఎక్సెటర్ బిషప్ గ్రాండిసన్ రిజిస్టర్లు ఇప్పటికీ ఉన్నాయి. 1349 మొదటి నెలల్లో కొత్త పాదిరీల నియామకాలు ఒకదాని వెంట ఒకటి రాసి ఉంటాయి. పాతవాళ్లు పోతేనే కదా కొత్తవాళ్లను వెయ్యాలి. చర్చికే అలా ఉంటే గుట్టల్లో పల్లెల సంగతి చెప్పాలా.

గోదారిగట్టు
"ఒక్క రాత్రిలో" అన్నది మాత్రం సినిమా డైలాగు అండీ 😀

మట్టిపొర
చలిగాలి గారూ, ఇది నాకు ఇష్టమైన చోటు, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

అక్కడ తవ్వింది ఇ. మారీ మింటర్ అనే ఆవిడ. 1961 నుంచి 1975 దాకా సాగింది. హౌండ్ టోర్‌తో పాటు వైడికోంబ్ వైపు ఉన్న హట్‌హోల్స్, డిన్నా క్లర్క్స్ అనే చోట్ల కూడా తవ్వారు. రిపోర్టు రాయకముందే ఆవిడ చనిపోయారు. ఆ కాగితాలు, డ్రాయింగులు పట్టుకుని గై బెరెస్‌ఫర్డ్ 1979లో మూడు చోట్ల రిపోర్టూ కలిపి అచ్చు వేశారు. మనం చదివేదంతా అక్కడి నుంచి వచ్చిందే.

దొరికినవి: నాలుగు లాంగ్‌హౌస్‌లు, కొన్ని చిన్న ఇళ్లు, ధాన్యం కొట్లు. లాంగ్‌హౌస్ అంటే ఒకే పొడవాటి ఇల్లు. మెరక వైపు భాగంలో మనుషులు, పల్లం వైపు భాగంలో పశువులు. మధ్యలో ఎదురెదురుగా రెండు గుమ్మాలు, వాటి మధ్య నడవ. ఇల్లు వాలుకి నిలువుగా కట్టేవారు, కొట్టం ఎప్పుడూ పల్లం వైపే. కొట్టం మధ్యలో రాళ్లు పరిచిన కాలువ ఒకటి ఉంటుంది, అది కింది గోడలోంచి బయటికి పోతుంది. వెళ్లినప్పుడు ఆ కాలువ దగ్గర కూర్చుని చూడండి. రాళ్లు ఎంత శ్రద్ధగా పేర్చారో తెలుస్తుంది. అది కట్టినవాడు ఆ ఇంట్లో తన మనవలు కూడా ఉంటారని అనుకునే కట్టాడని నాకు అనిపిస్తుంది.

ఇక ప్లేగుకి ఆధారం అడిగారు. ఊళ్లో ఒక్క శవం కూడా దొరకలేదు.

చలిగాలి
ఒక్కటి కూడానా?

మట్టిపొర
దొరికే అవకాశమే లేదు. కారణాలు రెండు. ఆ ఊళ్లో చర్చి లేదు, శ్మశానం లేదు. చనిపోయినవాళ్లను పారిష్ చర్చికి, అంటే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కలిపి ఉండే చర్చికి, మోసుకెళ్లాలి. రెండోది మట్టి. గ్రానైట్ మీద ఏర్పడిన ఆ నేలలో ఆమ్లం ఎక్కువ, ఎముకను తినేస్తుంది. మనిషి ఎముకే కాదు, ఆవు ఎముక, గొర్రె ఎముక కూడా మిగలవు. ఆ ఊరివాళ్లు ఏ మాంసం తిన్నారో, ఎన్ని పశువుల్ని పెంచారో ఎముకల లెక్కతో చెప్పలేం. యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీ అని ఇలాంటిదే ఖాళీ అయిన ఊరు ఉంది. అక్కడ సుద్దనేల కాబట్టి చర్చి దగ్గర దాదాపు 700 అస్థిపంజరాలు దొరికాయి, వాటి మీద ఎంతో పరిశోధన జరిగింది. హౌండ్ టోర్‌కి ఆ భాగ్యం లేదు.

నల్లరేగడి
ప్లేగు కంటే ముందు వాతావరణం చూడాలి. నేను వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడిని, నాకు తిండిగింజల లెక్క వెంటనే తడుతుంది. ఆ ఎత్తు సుమారు 330 మీటర్లు. పలచటి మట్టి, ఎడతెగని వాన, పొగమంచు. అక్కడ పంట వేయడమే సాహసం. 1315 నుంచి 1317 దాకా యూరప్ అంతా కుంభవృష్టి, కరువు. తర్వాత 1319 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో పశువుల రోగం. ప్లేగు రాకముందే ముప్పై ఏళ్ల పాటు దెబ్బ మీద దెబ్బ. పైగా ఆ ఊళ్లో ధాన్యం ఆరబెట్టే బట్టీలు దొరికాయి కదా? చివరి దశలో కట్టినవి. ఎండ లేక గింజ ఆరడం లేదు కాబట్టే బట్టీ కట్టారు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

గోదారిగట్టు
ధాన్యం పొయ్యి మీద ఆరబెట్టడమా? కళ్లం మీద ఆరబోసి పిల్లల్ని కాపలా పెట్టడం తప్ప మాకు ఇంకోటి తెలియదు.

నల్లరేగడి
ఇక్కడ సెప్టెంబరులో కళ్లం మీద పోస్తే మొలకెత్తుతుంది తమ్ముడూ.

మట్టిపొర
నల్లరేగడి అన్నా, బట్టీల మాట నిజమే, మూడు కొట్లలో బట్టీలు దొరికాయి. బెరెస్‌ఫర్డ్ కూడా సరిగ్గా మీలాగే వాదించారు. వానలు పెరిగాయి, గింజ ఆరలేదు, బట్టీలు కట్టారు, అయినా నిలవలేక దిగిపోయారు అని. కానీ ఇంగ్లండ్‌కి పడమటి వైపు, వేల్స్‌లో, ఐర్లండ్‌లో, స్కాట్లండ్‌లో ధాన్యం ఆరబెట్టే బట్టీలు మామూలు విషయం. మంచి రోజుల్లో కూడా ఉన్నాయి. తిరగలిలో వెయ్యాలంటే గింజ గట్టిపడాలి, బీరుకి మొలకగింజను ఎండబెట్టాలన్నా బట్టీ కావాలి. బట్టీ కట్టారంటే బట్టీకి సరిపడా గింజ పండిందని కూడా అర్థం కదా. చావుబతుకుల్లో ఉన్న ఊరు ఖర్చు పెట్టి మూడు బట్టీలు కడుతుందా?

నల్లరేగడి
కడుతుంది. నీళ్లు పడని ఊళ్లో రైతు అప్పు చేసి నాలుగో బోరు వేయడం నువ్వు చూడలేదు కాబోలు. ఆశ చావనంత వరకు పెట్టుబడి పెడతాడు. ఖర్చు పెట్టాడు కాబట్టి బాగున్నాడు అనుకోవడానికి లేదు.

మట్టిపొర
ఇది ఒప్పుకోవాల్సిన మాటే. బట్టీ ఒక్కటే చూసి అటు గానీ ఇటు గానీ తేల్చలేం అంటాను.

కచేరీసావిడి
నేను రెవెన్యూలో పని చేసి రిటైరైనవాణ్ని, పురావస్తు శాస్త్రం నా విషయం కాదు. కానీ ఖాళీ ఊళ్ల గురించి నాలుగు మాటలు చెప్పగలను. మన రికార్డుల్లో బేచిరాక్ గ్రామాలు ఉంటాయి. పేరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, పొలాలు సాగులోనే ఉంటాయి, ఊరు మాత్రం ఉండదు. ఒక్క ఇల్లూ ఉండదు. పక్క ఊరివాళ్లు వచ్చి సాగు చేసుకుని పోతారు. నేను పని చేసిన ప్రతి మండలంలోనూ అలాంటివి తగిలాయి. "ఈ ఊరు ఎందుకు పోయింది తాతా" అని పక్క ఊళ్లో అడిగితే ప్రతిచోటా కలరానో, గత్తరో, అమ్మవారో, దొంగలో ఏదో ఒక పెద్ద ఉపద్రవం చెప్తారు. పాత కాగితాలు తిరగేస్తే తేలేది వేరు. చెరువు తెగింది, బాగు చేయించే దిక్కు లేదు. లేదా పక్కన సంత పెరిగింది. ఒక ఇల్లు లేచిపోయింది, తర్వాత రెండోది, చివరికి మిగిలిన ముసలివాళ్లను కొడుకులు తీసుకుపోయారు. ఉపద్రవం కథ చెప్పడం సులువు, గుర్తుండిపోతుంది. మెల్లమెల్లగా ఖాళీ అవడానికి కథ ఉండదు.

మట్టిపొర బాబూ, ఇంగ్లండ్‌లో పన్ను లెక్కలు బాగా రాసేవారంటారు. ఈ ఊరికి లెక్కలు లేవా?

మట్టిపొర
ఉన్నాయి మేష్టారూ, చాలా పాతవి. 1086లో రాజు చేయించిన భూముల లెక్క, డోమ్స్‌డే సర్వేలో హుండటోరా అని పేరుంది, టావిస్టాక్ మఠం వారి భూమి. డెవన్ వంటి నైరుతి జిల్లాల వరకు ఇంకొంచెం వివరమైన ప్రతి ఒకటి ఎక్సెటర్ చర్చిలో ఇప్పటికీ భద్రంగా ఉంది. దాంట్లో పశువుల లెక్క కూడా రాశారు.

ఇక్కడే ఒక పేచీ ఉంది. డోమ్స్‌డేలో పేరు ఉంది కాబట్టి ఇప్పుడు కనిపించే ఈ ఇళ్లు 1086లో ఉన్నాయని చాలామంది అనుకుంటారు. రాతి ఇళ్లు 13వ శతాబ్దానివి. మరి అంతకుముందు? బెరెస్‌ఫర్డ్ రిపోర్టు ప్రకారం రాతి గోడల కింద అంతకంటే పాత ఇళ్లున్నాయి. గడ్డితో సహా కోసిన మట్టి పెళ్లలు పేర్చి, లోపలి వైపు గుంజలు పాతి తడికలు కట్టిన ఇళ్లు. ఒకదాని మీద ఒకటి ఎన్నోసార్లు కట్టారని, అవి సాక్సన్ల కాలం (1066కి ముందు) దాకా వెళ్తాయని ఆయన లెక్క.

వీధిఅరుగు
తడిక ఇల్లు ఎన్నేళ్లు నిలుస్తుంది, మహా అయితే పాతికేళ్లు. ఒకదాని మీద ఒకటి కట్టారంటే నమ్మొచ్చు కదా?

మట్టిపొర
నమ్మొచ్చు, కానీ ఆధారం ఏమిటంటే నేలలో కనిపించిన చిన్న చిన్న గుంతలు. గుంజ పాతిన గుర్తులని వాటికి వరసలు గీసి, వరసల్ని ఇళ్లుగా చూపించారు. 1985లో డేవిడ్ ఆస్టిన్, వాకర్ కలిసి దీన్ని గట్టిగా ప్రశ్నించారు. అక్కడి అడుగు నేల మన మొరం లాంటిది, పుచ్చిపోయిన గ్రానైట్. వేరు దిగినా గుంతే, పురుగు తొలిచినా గుంతే, చిన్న రాయి ఊడినా గుంతే. అన్నిటినీ గుంజ గుర్తులుగా తీసుకుంటే ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం గీయొచ్చు. రెండో మాట, కుండపెంకులు. దొరికిన పెంకుల్లో ఎక్కువభాగం 13, 14 శతాబ్దాలవి. మూడు నాలుగు వందల ఏళ్లు ఎడతెగకుండా కాపురం ఉంటే ఆ ముందు కాలపు చెత్త ఏమైంది?

వీధిఅరుగు
అంటే తవ్వినావిడ పని వృథా అంటారా?

మట్టిపొర
ఎంత మాట. ఆవిడ లేకపోతే డార్ట్‌మూర్ మధ్యయుగం గురించి మాట్లాడుకోవడానికి మనకు ఏమీ ఉండేది కాదు. ఏళ్ల తరబడి ఆ గాలిలో, ఆ వానలో నిలబడి తవ్వించడం సామాన్యం కాదు. నా బాధ వేరే. తవ్వకం అంటే ఒకసారి చదవగానే చిరిగిపోయే కాగితం. పొర తీసేశాక ఆ పొర ఇక ఉండదు. తవ్వినవాళ్లే రిపోర్టు రాస్తే "ఇక్కడ నేల రంగు అనుమానంగా ఉంది, అందుకే నేను ఇలా రాసుకున్నాను" అని చెప్పగలరు. వేరేవాళ్లు రాసినప్పుడు ఆ అనుమానాలు అచ్చులోకి రావు. ఇప్పుడు మళ్లీ తవ్వి తేల్చుకుందామంటే అదే చోట మిగిలింది కొంచెమే.

పాటిదిబ్బ
ఈ మాట నాకు గుండెకు తగిలింది. మా ఊరి పక్కన పాటిదిబ్బ ఉండేది. నా చిన్నప్పుడు వాన పడ్డాక వెళ్తే పూసలు, గాజు ముక్కలు, ఎర్ర కుండపెంకులు పైకి తేలేవి. పాటిమన్ను పొలానికి మంచిదని బళ్లతో, తర్వాత ట్రాక్టర్లతో తోలేశారు. ఇప్పుడు అక్కడ చదునైన నేల. ఎవరి ఊరు, ఏ కాలం, ఒక్క గీత కూడా ఎవరూ రాసి పెట్టలేదు. తప్పొప్పులతో అయినా రిపోర్టంటూ ఒకటి ఉన్నందుకు ఆ ఊరు అదృష్టం చేసుకుంది.

గోదారిగట్టు
వారమ్ పెర్సీ తవ్వింది కూడా బెరెస్‌ఫర్డే అని ఎక్కడో చదివాను. ఒకే ఆయన రెండూ చేశారా?

మట్టిపొర
కాదు, ఇంటిపేరు ఒకటే. వారమ్ పెర్సీ దగ్గర పని చేసింది మారిస్ బెరెస్‌ఫర్డ్, ఆర్థిక చరిత్రకారుడు. జాన్ హర్స్ట్‌తో కలిసి 1950 నుంచి 1990 దాకా ప్రతి వేసవీ తవ్వించారు. ఇంగ్లండ్‌లో ఇలా ఖాళీ అయిన మధ్యయుగపు ఊళ్లు దాదాపు మూడు వేలు ఉన్నాయని లెక్క తేలింది కూడా ఆ తరం పరిశోధన వల్లే. హౌండ్ టోర్ రిపోర్టు రాసింది గై బెరెస్‌ఫర్డ్.

ఉప్పుగాలి
సరే, వారమ్ పెర్సీ ఎలా పోయింది? ప్లేగు కాదా?

మట్టిపొర
కాదు డాక్టరు గారూ. ప్లేగులో అక్కడ చాలామంది పోయారు కానీ ఊరు మిగిలింది. ఇంకో నూట యాభై ఏళ్లు బతికింది. చివరికి 1500 ప్రాంతంలో భూస్వామి గొర్రెల మేపు కోసం మిగిలిన నాలుగు కుటుంబాల్నీ లేపేశాడు.

ఉప్పుగాలి
నేను డాక్టర్నని ఎలా కనిపెట్టారు?

గోదారిగట్టు
ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువాళ్లలో సగం మంది డాక్టర్లు, మిగతా సగం సాఫ్ట్‌వేరు. సాఫ్ట్‌వేరువాళ్లు బిషప్ రిజిస్టర్లు చదవరు 😀

ఉప్పుగాలి
బాగుంది. నా వాదన మాత్రం వదలను. శవాలు దొరకలేదు కాబట్టి ప్లేగు కాదు అనడం సరైన తర్కం కాదు, ఎముక నిలవని నేల అని మీరే చెప్పారు. మూడోవంతు నుంచి సగం దాకా జనం పోయిన చోట నాలుగైదు ఇళ్ల పల్లె ఏమవుతుందో ఊహించండి. రెండు ఇళ్లలో పని చేసే వయసువాళ్లు పోతే చాలు. నాగలికి ఎడ్లు ఉంటాయి, తోలే మనిషి ఉండడు. గొడ్లకు మేత వెయ్యాలి, మంచు పడేలోపు పీట్ (తడి నేలలో పేరుకునే, పొయ్యిలో కాల్చుకునే మట్టి) తవ్వి ఎండబెట్టుకోవాలి. మిగిలినవాళ్లు ఎంత గట్టివాళ్లైనా అక్కడ ఉండలేరు. పైగా ప్లేగు ఒక్కసారి వచ్చి పోలేదు, 1361లో మళ్లీ వచ్చింది.

చలిగాలి
ఇది బాగా అర్థమైంది. అంటే అందరూ చచ్చిపోనక్కర్లేదు, కొందరు పోయినా ఊరు నడవదు.

కచేరీసావిడి
అంతే. నేను చెప్పినదానికీ డాక్టరు గారు చెప్పినదానికీ పెద్ద తేడా లేదు. ఇంకో సంగతి కూడా చూడండి. జనం తగ్గితే కింద మంచి భూములు ఖాళీ అవుతాయి. భూస్వామికి కౌలుదారు దొరకడు, బతిమాలి పిలుస్తాడు. అలాంటప్పుడు గుట్ట మీద రాళ్లు ఏరుకుంటూ ఎవరుంటారు?

మట్టిపొర
మేష్టారూ, సరిగ్గా పట్టుకున్నారు. ఇప్పుడు చాలామంది మొగ్గేది ఈ వైపే. కూలి రేట్లు అంతలా పెరిగాయి కాబట్టే 1349లో ఒక ఆర్డినెన్సు, 1351లో ఒక చట్టం తెచ్చి పాత రేట్లకే పని చెయ్యాలని ఆజ్ఞ వేశారు. పని చేసేవాడికి విలువ పెరిగిన కాలం అది. హౌండ్ టోర్‌లో మిగిలినవాళ్లు ఏడ్చుకుంటూ కాక, ఇంకాస్త మంచి పొలం చూసుకుని సామాను సర్దుకుని దిగి ఉండొచ్చు. ఊరు పూర్తిగా ఖాళీ అయింది 14వ శతాబ్దం చివరా, 15వ శతాబ్దం మొదలా అన్నది కుండపెంకుల మీద ఆధారపడిన అంచనా. ఒక్క ఏడాది, ఒక్క రాత్రి అని చెప్పడానికి అక్కడ ఏ గుర్తూ లేదు.

నల్లరేగడి
అయితే వాతావరణాన్ని పక్కన పెట్టేశారా?

మట్టిపొర
లేదన్నా. కానీ మీకు ఒక ప్రశ్న. ఎత్తు, చలి, వానే కారణమైతే డార్ట్‌మూర్‌లో అలాంటి ఎత్తులో ఉన్న ఊళ్లన్నీ పోవాలి కదా. మూర్ లోపల బాబెనీ, పిజ్‌వెల్ అని రెండు పల్లెలున్నాయి. వాళ్ల పారిష్ చర్చి లిడ్‌ఫర్డ్‌లో, మూర్‌కి అవతలి అంచున. శవాన్ని పూడ్చాలన్నా మూర్ అంతా దాటి మోసుకెళ్లాలి. వాగులు పొంగితే ఇంకా పెద్ద చుట్టు. ఆ బాధ పడలేక మొర పెట్టుకుంటే 1260లో బిషప్ బ్రాన్స్‌కోంబ్, మీరు దగ్గర్లోని వైడికోంబ్ చర్చికి వెళ్లొచ్చని అనుమతి ఇచ్చాడు. లిడ్‌ఫర్డ్‌కి శవాల్ని మోసుకెళ్లిన ఆ పాత దారిని ఇప్పటికీ లిచ్ వే అంటారు, శవాల బాట. ఇంత కష్టమైన చోట ఉన్న ఆ రెండు పల్లెలూ పోలేదు. ఆ వానే, ఆ కరువే, ఆ ప్లేగే వాళ్లకూ వచ్చింది. హౌండ్ టోర్ ఎందుకు పోయింది అనేదానికంటే బాబెనీ ఎందుకు నిలిచింది అన్నది నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

నల్లరేగడి
నీళ్లు? మేత హక్కులు?

మట్టిపొర
హక్కుల్లో తేడా ఉంది. బాబెనీ వంటివి రాజుగారి ఫారెస్టు (రాజు వేట కోసం ఉంచుకున్న భూమి) లోపలి పాత కౌళ్లు, వాటికి మేత హక్కులు వంశపారంపర్యంగా గట్టిగా ఉన్నాయి. అలాంటి హక్కు ఉన్నవాడు పంట పోయినా పశువుల మీద నిలబడగలడు, వదిలి వెళ్తే హక్కు పోతుంది. అదొక్కటే కారణం అనను, కానీ వానను కొలిచినంత శ్రద్ధగా హక్కుల్ని కూడా కొలవాలి.

కచేరీసావిడి
భేషు! పట్టా కాగితం గట్టిగా ఉన్నవాడు ఊరు వదలడు. నలభై ఏళ్లు అదే చూశాను.

వీధిఅరుగు
పంట వేశారు, వేశారు అంటున్నారు. ఎముకే నిలవని నేలలో గింజలు ఎలా నిలిచాయి? ఏ పంటో ఎలా తెలుసు?

మట్టిపొర
పుప్పొడి. పక్కనే తడి నేలలో, పీట్‌లో గాలి తగలదు కాబట్టి పుప్పొడి చెడిపోదు, ఏడాది ఏడాదికీ పొరలుగా పేరుకుంటుంది. ఎముకను తినేసే ఆమ్లమే పుప్పొడిని కాపాడుతుంది. మైక్రోస్కోపు కింద చూసి ధాన్యపు జాతుల పుప్పొడిని అడవి గడ్డి పుప్పొడి నుంచి వేరు చేస్తారు. అక్కడి పంటలు ముఖ్యంగా ఓట్స్, రై. రెండూ పుల్ల నేలకు, చలికి ఓర్చేవే. ఆస్టిన్, వాకర్ల 1985 పని కూడా ఒక భాగం పుప్పొడి మీదే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రై పుప్పొడి గాలికి బాగా ఎగురుతుంది. ఓట్స్ పుప్పొడి పువ్వులోనే పని కానిచ్చేస్తుంది, పెద్దగా బయటికి రాదు. అందుకని పొరలో రై ఎక్కువ కనిపించినంత మాత్రాన ఓట్స్ తక్కువ వేశారని కాదు.

నల్లరేగడి
ఇది నాకు కొత్త విషయం. థాంక్స్.

పాటిదిబ్బ
డిన్నా క్లర్క్స్ అని పైన ఒక పేరు చెప్పారు. అక్కడేం దొరికింది?

మట్టిపొర
అది ఊరు కాదు, ఒంటరి లాంగ్‌హౌస్. నిప్పంటుకుని గడ్డి కప్పు కూలిపోయింది. ఇంటివాళ్లు మళ్లీ వచ్చి సామాను తీసుకున్నట్టు లేదు. కుండలు పొయ్యి దగ్గరే ఉండిపోయాయి. మూడవ హెన్రీ కాలపు వెండి పెన్నీ ఒకటి దొరికింది, అందువల్ల 13వ శతాబ్దం రెండో సగానికి ఆ ఇల్లు ఉందని చెప్పగలిగారు. హౌండ్ టోర్ ఇళ్లలో ఇలా కాదు. పనికొచ్చేవన్నీ పట్టుకెళ్లారు, మిగిలింది పగిలిన పెంకులే. తీరిగ్గా వెళ్లిన ఊరికీ, ఒక్కసారిగా ఆగిపోయిన ఇంటికీ తేడా చూడాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. చలిగాలి గారూ, మీ గ్రూపులో ఆయనకు ఇది చెప్పండి.

ఉప్పుగాలి
ఇది బలమైన పాయింటే. ప్లేగు తర్వాత మిగిలినవాళ్లు వెళ్లారన్న నా మాటకు కూడా సరిపోతుంది లెండి.

గోదారిగట్టు
డాక్టరు గారు పట్టు వదలరు 😀 నాదో చిన్న సందేహం. ఇంట్లోనే ఆవులా? ఆ వాసన ఎలా భరించేవాళ్లు? మా అమ్మమ్మగారింట్లో సావిడి వీధి వైపు విడిగా ఉండేది.

నల్లరేగడి
చలికి. జనవరిలో ఆ మూర్ మీద ఒక రాత్రి పడుకుని చూడు, ఆవు పక్కన పడుకుంటానంటావు. పొగ గొట్టం కూడా లేదు, మధ్యలో పొయ్యి, పొగ కప్పులోంచి పోవాల్సిందే. వాసన గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

మట్టిపొర
ఇంకోటి, పశువులు చలికాలంలోనే లోపల. ఎండాకాలం మూర్ మీదకు తోలేవాళ్లు. అసలు ఈ ఎత్తు ఊళ్లలో కొన్ని అలాగే పుట్టాయని హెరాల్డ్ ఫాక్స్ అనే చరిత్రకారుడు వాదించారు. కింది ఊళ్లవాళ్లు వేసవిలో పశువుల్ని తోలుకొచ్చి గుడిసెలు వేసుకుని ఉండేవారు, తర్వాత జనం పెరిగి ఏడాదంతా ఉండే కాపురాలు అయ్యాయని.

ఈ భూమికి చరిత్ర ఇంకా వెనక్కి పోతుంది. డార్ట్‌మూర్ అంతా రీవ్స్ అని పొడవాటి రాతి గట్లు ఉన్నాయి, కంచు యుగంలో పొలాలు విడగొట్టుకోవడానికి వేసినవి. ఆండ్రూ ఫ్లెమింగ్ వాటి మీద చాలా ఏళ్లు పని చేశారు. అంటే మనుషులు ఈ గుట్టలకు ఎక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. 14వ శతాబ్దంలో దిగడం మొదటిసారి కాదు.

చలిగాలి
ఇంత వివరం ఇస్తారని అనుకోలేదు, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పిల్లల్ని మళ్లీ తీసుకెళ్తాను. ఎప్పుడు వెళ్తే బాగుంటుంది? ఆ మధ్య గోడలన్నీ ఆకుల్లో మునిగిపోయి సగం కనిపించలేదు. అక్కడ పెంకులు కనిపిస్తే పిల్లలు తీసుకోవచ్చా?

మట్టిపొర
ఆ ఆకులు బ్రాకెన్, ఒక రకం ఫెర్న్. వేసవిలో వెళ్తే మీ చిన్నమ్మాయి కనిపించకుండా పోయేంత ఎత్తు పెరుగుతుంది. దాని వేర్లు పొరల్లోకి దిగి పురావస్తువుల్ని పాడు చేస్తున్నాయని కూడా బెంగ. ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్లండి, ఎండిపోయి పడి ఉంటుంది. సాయంత్రం ఏటవాలు ఎండలో అయితే ఇళ్ల చుట్టూ పాత దున్నకపు గట్లు కూడా గీతలు గీతలుగా కనిపిస్తాయి.

పెంకు కనిపిస్తే చూడండి, ఫొటో తీసుకోండి, అక్కడే వదిలేయండి. అది చట్టం రక్షణలో ఉన్న చోటు. మెటల్ డిటెక్టర్ అయితే అనుమతి లేకుండా నేరం.

వీధిఅరుగు
టికెట్టు ఉందా?

ఉప్పుగాలి
లేదు, ఉచితమే. ఇంగ్లిష్ హెరిటేజ్ వాళ్లు చూసుకుంటారు. కార్ పార్కు నుంచి గుట్ట చుట్టి కిందికి దిగాలి. వానాకాలం బూట్లు తప్పనిసరి, ఏ నెలైనా సరే.

మట్టిపొర
వీలుంటే హయ్యర్ అప్పకాట్ కూడా చూడండి. కప్పుతో సహా నిలిచి ఉన్న మధ్యయుగపు లాంగ్‌హౌస్, డార్ట్‌మూర్ నేషనల్ పార్కువాళ్ల చేతిలో ఉంది. చాలా లాంగ్‌హౌస్‌లలో పశువుల కొట్టాన్ని తర్వాత గదులుగా మార్చేశారు, ఇక్కడ కొట్టం కొట్టంగానే ఉంది. ఎప్పుడంటే అప్పుడు తెరిచి ఉండదు, ముందు కనుక్కుని వెళ్లండి. హౌండ్ టోర్‌కి ముందు అది చూస్తే పిల్లలకు ఆ మొండి గోడల మధ్య ఏది ఎక్కడుండేదో మీరు చెప్పక్కర్లేదు.

కచేరీసావిడి
చలిగాలమ్మా, వెళ్లొచ్చాక ఫొటోలు ఇక్కడే పెట్టు. ఆ రాతి కాలువ ఫొటో మాత్రం మర్చిపోకు, దగ్గర్నుంచి తియ్యి.